ఇచ్ఛాపురం సరిహద్దులో పాత యాంటెన్నా టీవీ: డిజిటల్‌కి మారితే తెలుగు, ఒడియా రెండూ వస్తాయా?

బాహుదా ఒడ్డు:

అందరికీ నమస్తే. ఇల్లు ఇచ్ఛాపురం పక్కన. ఒడిశా హద్దు నడిచి వెళ్లేంత దూరం. టీవీ 21 అంగుళాల పాత డబ్బా టీవీ. వెనకాల యాంటెన్నా బెజ్జం ఒక్కటే ఉంది, పసుపు, తెలుపు, ఎరుపు పిన్నులు గుచ్చే చోటు లేదు. డాబా మీద 20 అడుగుల జీఐ పైపు, దాని కొసన చేప ముల్లులాంటి యాంటెన్నా, అక్కణ్ణుంచి కిందకి చదునుగా ఉండే రిబ్బన్ వైరు. ఒకప్పుడు యాంటెన్నా ఒక పక్కకి తిప్పితే తెలుగు దూరదర్శన్, ఇంకో పక్కకి తిప్పితే ఒడియా వచ్చేవి. ఇప్పుడు ఎటు తిప్పినా ఈగలే.

ఇంట్లో పెద్దావిడకి ఒడియా వార్తలు కావాలి, మిగతావాళ్లకి తెలుగు. అడగాల్సినవి ఇవీ:

ఒడిశాలో డిజిటల్ యాంటెన్నా ప్రసారం ఉందంట. దాన్ని పట్టే డీవీబీ-టీ2 పెట్టె కొంటే ఇదే యాంటెన్నాతో అందుతుందా? అందకపోతే ఏం కొనాలి? ఈ టీవీ పనికొస్తుందా, పారెయ్యాలా? కేబుల్ అడిగితే "మీది ఆంధ్రా, ఒడియా ఛానళ్లు ఇవ్వడానికి రూలు ఒప్పుకోదు" అంటున్నారు. నిజంగా అలాంటి రూలు ఉందా?

పాత యాంటెన్నా:

మొదటి ప్రశ్నకి జవాబు: అందదు. ఎందుకో చెప్తాను, లేకపోతే ఎవరో ఒకరు "బూస్టర్ వేసి చూడండి" అని మీచేత డబ్బులు ఖర్చు పెట్టిస్తారు.

మీ టీవీలో ఈగలు రావడం యాంటెన్నా తప్పు కాదు. దూరదర్శన్ భూమ్మీది అనలాగ్ ప్రసార కేంద్రాల్ని విడతలవారీగా మూసేసింది. 2022 మార్చి నాటికి దేశం మొత్తమ్మీద వ్యూహాత్మక ప్రాంతాల్లోవి ఓ యాభై తప్ప మిగతావన్నీ ఆపెయ్యాలని నిర్ణయం. అంటే ఆ గాలిలో ఇప్పుడు మీ కోసం ఏమీ లేదు.

ఇక డిజిటల్ యాంటెన్నా ప్రసారం. 2016 ఫిబ్రవరిలో డీవీబీ-టీ2 మొదలైన 16 నగరాల్లో కటక్ ఉంది. ఆంధ్రా నుంచి ఒక్క ఊరూ లేదు. మీరు విన్నది కటక్ సంగతే అయ్యుంటుంది. ఇచ్ఛాపురం నుంచి కటక్ గీత గీసినట్టు చూసినా 190 కిలోమీటర్ల పైమాటే. ఈ తరంగాలు దాదాపు చూపు ఆనినంత మేరే పోతాయి. లెక్క సులువు: ప్రసార స్తంభం ఎత్తు, మీ యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, రెండింటి వర్గమూలాలు కలిపి 4.12తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. అక్కడ 150 మీటర్లు, మీ దగ్గర 10 మీటర్లు అనుకుంటే 63 కిలోమీటర్లు. మీకు కావాల్సింది అంతకి మూడింతలు. బూస్టర్ ఉన్న సిగ్నల్‌ని పెంచుతుంది, లేనిదాన్ని పుట్టించలేదు.

ఒక్క మెలిక ఉంది. వేసవిలో గాలి ఆడని రాత్రుళ్లు సముద్రం మీద వేడిగాలి పొర ఏర్పడి, తరంగాలు దాని కింద గొట్టంలో పోయినట్టు వందల కిలోమీటర్లు పోతాయి. మన తీరం పొడుగునా ఇది జరిగేదే. అందుకని ఎవరైనా "మా ఇంట్లో ఒక రాత్రి వచ్చింది" అంటే అబద్ధం అనక్కర్లేదు. తెల్లారేసరికి పోతుంది. అనలాగ్ అయితే బలహీనపడే కొద్దీ ఈగలతోనైనా బొమ్మ కనిపించేది. డిజిటల్‌కి ఆ మధ్యస్థం లేదు. గళ్లు గళ్లుగా విరిగి, ఆగి, నల్లబడిపోతుంది.

(పాతరోజుల్లో మందస, సోంపేట వైపు బొమ్మ పక్కనే ఇంకో నీడ బొమ్మ కనిపించేది గుర్తుందా? మహేంద్రగిరికి తగిలి కాస్త ఆలస్యంగా వచ్చిన తరంగం చేసే పని అది. టీ2కి అలాంటి ప్రతిధ్వనుల్ని తట్టుకునే ఏర్పాటు ఉంది. ఏం లాభం, ఇక్కడిదాకా వస్తేగా.)

యాంటెన్నా దింపి అల్యూమినియం పాత సామాన్లకి వేసెయ్యండి. రిబ్బన్ వైరు కూడా పనికిరాదు. అది 300 ఓమ్‌లది, డిష్‌కి కావాల్సింది 75 ఓమ్‌ల గుండ్రటి ఆర్‌జీ-6. పైపు మాత్రం ఉంచండి, పలాస గొడుగు గారు దాని సంగతి చెప్తారు.

పలాస గొడుగు:

చెప్తాను. ముందు ఆ 20 అడుగుల పైపు కొసకి డిష్ బిగించే ఆలోచన మానుకోండి. ఎత్తు కావాల్సింది భూమ్మీది ప్రసారానికి. ఉపగ్రహానికి ఎత్తుతో పనిలేదు, ఆకాశం కనపడితే చాలు. పొడుగు పైపు గాలికి ఊగితే డిష్ గురి తప్పుతుంది. పైపుని రెండున్నర అడుగులకి కోసి, డాబా గచ్చు మీద పిట్టగోడ చాటున నిలబెట్టుకోండి.

మీకు సరిపోయేది డీడీ ఫ్రీ డిష్. 2004 డిసెంబర్‌లో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైంది ఇదే. నెలనెలా కట్టేది లేదు, సామాను ఖర్చు ఒక్కసారే. డీడీ సప్తగిరి, డీడీ యాదగిరి, డీడీ ఒడియా మూడూ ఒకే డిష్‌లో వస్తాయి. ఉపగ్రహానికి రాష్ట్రం హద్దు తెలీదు కాబట్టి మీ పెద్దావిడ ఒడియా వార్తలకి ఢోకా లేదు. ప్రైవేటు ఛానళ్లు వేలంపాటని బట్టి మారుతుంటాయి, ఫలానా తెలుగు సీరియల్ ఛానల్ వస్తుందని నమ్ముకుని కొనకండి.

కావాల్సిన సామాను: 60–65 సెం.మీ. ఆఫ్‌సెట్ డిష్ ఒకటి, కేయూ బ్యాండ్ యూనివర్సల్ ఎల్‌ఎన్‌బి (డిష్ ముందు చేతి కొసన ఉండి సిగ్నల్ పట్టే ముక్క) ఒకటి, ఎంపెగ్-4 (బొమ్మని కుదించే పద్ధతి), డీవీబీ-ఎస్2 (ఉపగ్రహ ప్రసార పద్ధతి) రెండూ ఆడే పెట్టె ఒకటి (పాత ఎంపెగ్-2 పెట్టె చవగ్గా ఇస్తామంటారు, సగం ఛానళ్లు రావు), ఆర్‌జీ-6 వైరు కొలిచి 2 మీటర్లు ఎక్కువ, వైరు కొసలకి తొడిగే ఎఫ్ కనెక్టర్లు నాలుగు. కావాల్సింది రెండే, మొదటి రెండూ పాడుచేస్తారు కాబట్టి నాలుగు. వైరు 30 మీటర్ల దాకా మామూలుగానే లాగుతుంది, మధ్యలో బూస్టర్ అక్కర్లేదు.

మీ పాత కేబుల్ పెట్టె ఏదైనా ఇంట్లో ఉంటే దాన్ని డిష్‌కి తగిలించకండి. అది డీవీబీ-సి, అంటే కేబుల్‌ది. ఇది డీవీబీ-ఎస్, అంటే ఉపగ్రహానిది. పైకి రెండూ నల్ల డబ్బాలే.

ఇప్పుడు గురి. ఉపగ్రహం జీశాట్-15, 93.5 డిగ్రీల తూర్పు. ఇచ్ఛాపురం నుంచి దిక్సూచిలో 155 డిగ్రీలు, అంటే దక్షిణానికి కాస్త తూర్పుగా. శ్రీకాకుళం టౌనులో 152, విజయనగరంలో 150. మన ప్రాంతంలో అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీ లోపే, పట్టించుకోవద్దు. ఫోన్ దిక్సూచిని మాత్రం ఇనప పైపుకి మూడు మీటర్ల దూరంలో పట్టుకుని చూసి, ఆ వైపున్న ఏదో ఒక గుర్తు మనసులో పెట్టుకోండి. పైపు పక్కనే చూస్తే ఇరవై డిగ్రీలైనా తప్పు చూపిస్తుంది.

ఎత్తు కోణం 65, 66 డిగ్రీలు. అంటే ఉపగ్రహం మన నెత్తికి కొంచెం ముందుగా, చాలా పైన ఉంటుంది. ఉద్దానంలో అందరికీ వచ్చే అనుమానం కొబ్బరిచెట్లు అడ్డమొస్తాయా అని. డిష్ కన్నా 11 మీటర్లు ఎత్తున్న చెట్టు అదే దిక్కున 5 మీటర్ల లోపు ఉంటేనే అడ్డం. పది మీటర్ల అవతల తోట ఉన్నా ఇబ్బంది లేదు.

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. 65 డిగ్రీలన్నారు కదా అని డిష్ ముఖం ఆకాశం కేసి వెల్లకిలా పెట్టేస్తారు. ఆఫ్‌సెట్ డిష్ తన ముఖం చూసే వైపు కన్నా ఓ 22, 23 డిగ్రీలు పైనున్న దాన్ని చూస్తుంది. 65 సెం.మీ. పొడుగు, 60 సెం.మీ. వెడల్పు ఉన్న డిష్‌కి ఆ తేడా 22.6. అందుకని ముఖం నిలువు నుంచి 43 డిగ్రీలే వెనక్కి వాలాలి. కొలవడానికి తేలిక దారి: ఒక తిన్నటి కర్రని డిష్ పై అంచుకీ కింది అంచుకీ ఆనించి, దాని మీద ఫోన్ పెట్టి కోణం చూడండి. ఫోన్ లేకపోతే పై అంచు నుంచి దారానికి నట్టు కట్టి వేలాడదియ్యండి. కింది అంచు ఆ దారానికి 44 సెం.మీ. ముందుకి ఉండాలి. బ్రాకెట్ మీద అచ్చు వేసిన అంకెల్ని నమ్మొద్దు, పైపు నిలువుగా లేకపోతే అవన్నీ తప్పే. అసలు ముందు పైపుకి రసమట్టం పట్టండి.

ఎల్‌ఎన్‌బిని కూడా తిప్పాలి. వైరు తగిలించే మూతి తిన్నగా కిందకి, గడియారంలో 6 దగ్గర ఉందనుకోండి. డిష్ వెనక నిలబడి, ఆకాశం వైపు చూస్తూ, దాన్ని 5 వైపు జరపాలి. ఇచ్ఛాపురంలో 24 డిగ్రీలు, శ్రీకాకుళంలో 27, విజయనగరంలో 28. గడియారంలో ఒక గంట 30 డిగ్రీలు, కాబట్టి 5కి కాస్త ఇవతల ఆపండి.

పెట్టెలో సెట్టింగ్: ఎల్‌ఎన్‌బి రకం యూనివర్సల్ 9750/10600, డైసెక్ ఆఫ్, ఎల్‌ఎన్‌బి పవర్ ఆన్. ఫ్రీక్వెన్సీ 11090, వర్టికల్ (తరంగం నిలువుగా ఊగే రకం, అడ్డంగా ఊగేది హారిజాంటల్), సింబల్ రేటు 29500. ఇది దొరికాక 11170, 11470 అవే వివరాలతో చూడండి. తర్వాత నెట్‌వర్క్ సెర్చ్ ఆన్ చేసి స్కాన్ వదిలేస్తే మిగతావి అదే తెచ్చుకుంటుంది.

కనెక్టర్ సంగతి. వైరు పై తోలు 13 మి.మీ. తియ్యండి. లోపలి అల్లిక తీగల్ని వెనక్కి మడవండి. తెల్ల ఇన్సులేషన్ కొస నుంచి 6, 7 మి.మీ. తీస్తే రాగి కనపడుతుంది. కనెక్టర్ తొడిగి బిగించాక తెల్లది లోపలి అడుగుతో సమానంగా, రాగి తీగ అంచు దాటి 2, 3 మి.మీ. బయటికి ఉండాలి. అల్లిక తీగ ఒక్క పోగు రాగికి తగిలినా షార్టే. పెట్టె ఈ వైరు గుండానే 13 లేదా 18 వోల్టులు పైకి పంపుతుంది. అందుకే కనెక్టర్ తిప్పేటప్పుడు పెట్టె ప్లగ్ తీసెయ్యాలి. ఈ ఒక్క బద్ధకానికి ఎన్నో కొత్త పెట్టెలు బలి అయ్యాయి.

బొబ్బిలి బెంచి:

టీవీ పారెయ్యక్కర్లేదు. కానీ పెట్టె కొనేటప్పుడే వెనక "ఆర్‌ఎఫ్ ఔట్" (టీవీ యాంటెన్నా బెజ్జంలోకి ఇచ్చే దారి) ఉందో లేదో చూడండి. ఇప్పుడొచ్చేవాటిల్లో చాలావాటికి ఏవీ పిన్నులు, హెచ్‌డీఎంఐ మాత్రమే ఉంటున్నాయి. ఆర్‌ఎఫ్ లేకపోతే ఆర్‌ఎఫ్ మాడ్యులేటర్ అనే చిన్న డబ్బా విడిగా కొనాలి. పెట్టె నుంచి పసుపు, తెలుపు పిన్నులు అందులోకి, అందులోంచి యాంటెన్నా వైరు టీవీలోకి.

రెండు చోట్ల దెబ్బతింటారు.

ఒకటి, ధ్వని. మాడ్యులేటర్‌లో పాల్ బి/జి, ఐ, డి/కె అని ఉంటుంది. మన పాత టీవీలు బి/జి. అంటే బొమ్మకీ ధ్వనికీ మధ్య 5.5 మెగాహెర్ట్జ్ ఎడం. ఐలో అది 6, డి/కెలో 6.5. తప్పు దాంట్లో ఉంటే బొమ్మ అద్దంలా వస్తుంది, మాట మాత్రం రాదు, బుస్సుమని మోత. జనం టీవీ స్పీకరు పోయిందనుకుని విప్పేస్తారు.

రెండు, రంగు. పెట్టె వీడియో సెట్టింగ్ మన పాల్ కాకుండా ఎన్‌టీఎస్‌సీ అనే ఇంకో రంగు పద్ధతిలో ఉంటే పాత టీవీలో బొమ్మ నలుపు తెలుపుగా వస్తుంది, లేదా పైకి పాకుతూ ఉంటుంది. మెనూలోకి వెళ్లి పాల్ పెట్టండి. పాకే బొమ్మలో మెనూ చదవలేకపోతే పక్కింటి కొత్త టీవీకి తగిలించి అక్కడ మార్చుకుని తెచ్చుకోండి. బొమ్మ ఆకారం కూడా 4:3 పెట్టండి, లేకపోతే మొహాలన్నీ సన్నగా సాగిపోతాయి.

టీవీలో ఛానల్ వెతకడం: మాడ్యులేటర్ యూహెచ్‌ఎఫ్‌లో (పై ఫ్రీక్వెన్సీల పట్టీ, కిందిది వీహెచ్‌ఎఫ్) ఇస్తుంటే టీవీ కూడా యూహెచ్‌ఎఫ్‌లో వెతకాలి. మరీ పాత టీవీల్లో వీహెచ్‌ఎఫ్ ట్యూనర్ ఒక్కటే ఉండొచ్చు. అప్పుడు వీహెచ్‌ఎఫ్ ఇచ్చే మాడ్యులేటరే కొనాలి.

కొత్త టీవీ కొనే ఆలోచన ఉన్నవాళ్లకి ఒక మాట. ఉపగ్రహ ట్యూనర్ లోపలే ఉండే టీవీలకి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం వచ్చింది, ఐఎస్ 18112:2022. అలాంటి టీవీ అయితే డిష్ వైరు నేరుగా టీవీకే, పెట్టె అక్కర్లేదు. షాపులో "డిజిటల్ టీవీ" అనే మాటకి అర్థం ఏమీ లేదు. స్పెసిఫికేషన్ కాగితంలో డీవీబీ-ఎస్2 అని ఉందా అని అడగండి.

ఉప్పుగాలి:

కవిటి, సోంపేట, బారువ వైపు వాళ్లకి పై జవాబుల్లో లేని శత్రువు ఉప్పు. మామూలు ఇనప నట్టులు రెండు వానాకాలాల్లో తుప్పుతో అతుక్కుపోతాయి, తర్వాత డిష్ సరిచెయ్యాలంటే కొయ్యాల్సిందే. జీఐ లేదా స్టెయిన్‌లెస్ నట్టులు వాడి, బిగించాక గ్రీజు పట్టించండి. ఎల్‌ఎన్‌బి మూతి దగ్గర కనెక్టర్‌కి రబ్బరు టోపీ ఉంటుంది, దాన్ని పారేసేవాళ్లే ఎక్కువ. అది తొడిగి పైన సిలికాన్ పూయండి. వైరు ఎల్‌ఎన్‌బి నుంచి తిన్నగా గోడలోకి పోనివ్వకుండా మధ్యలో ఒక వంపు కిందకి వేలాడనివ్వండి, నీళ్లు అక్కడ కారిపోతాయి. నీళ్లు వైరు లోపలికి ఎక్కితే అల్లిక నల్లబడుతుంది. ఆ వైరుకి మందు లేదు, మార్చడమే.

తుపాను లెక్క కూడా చూసుకోండి. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకి 140–150 కిలోమీటర్లు. ఆ గాలిలో 60 సెం.మీ. డిష్ మీద పడే తోపు సుమారు 35 కిలోలు. రెండు స్క్రూలతో పిట్టగోడకి తగిలిస్తే డిష్‌తోపాటు పెచ్చు కూడా లేచిపోతుంది. బేస్ ప్లేటుకి 10 మి.మీ. యాంకర్ బోల్టులు నాలుగు, గచ్చులోకి. ఇటుక గోడలోకి కాదు. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు డిష్ ముఖం ఒక్కటి ఊడదీసి ఇంట్లో పెట్టుకోవడం ఇంకా మేలు. తియ్యబోయే ముందు బ్రాకెట్ మీద పెయింటుతో గీతలు గీసి ఉంచుకుంటే మళ్లీ అదే చోట కూర్చుంటుంది.

పైపుకి ఒక రాగి తీగ కట్టి భూమిలోకి దింపండి. పిడుగులు మన దగ్గర తక్కువేం కాదు.

బాహుదా ఒడ్డు:

సామాను అంతా తెచ్చి బిగించడం అయింది. దిక్కు 155, కర్రతో చూస్తే వాలు 43. పెట్టెలో సిగ్నల్ స్ట్రెంగ్త్ 82 చూపిస్తోంది, క్వాలిటీ మాత్రం 0. అటూ ఇటూ తిప్పితే ఒకచోట స్ట్రెంగ్త్ 88 దాకా పోతోంది, క్వాలిటీ కదలట్లేదు. ఎల్‌ఎన్‌బి పాడైందా?

పలాస గొడుగు:

ఎల్‌ఎన్‌బి బాగానే ఉంది. స్ట్రెంగ్త్ అంటే వైరులో ఏదో మోత వస్తోంది అని మాత్రమే. ఆకాశంలోకి చూపిస్తే ఎటైనా అది కొంత చూపిస్తుంది. మీరు చూడాల్సింది క్వాలిటీ ఒక్కటే.

88 వచ్చిన చోటు అనుమానంగా ఉంది. 93.5 పక్కనే 95 డిగ్రీల దగ్గర ఇంకో డీటీహెచ్ ఉపగ్రహం ఉంది, మధ్య ఎడం ఒకటిన్నర డిగ్రీ. మీ 60 సెం.మీ. డిష్ చూపు వెడల్పే 3 డిగ్రీలు. మీరు పక్కింటి తలుపు కొడుతున్నట్టున్నారు. స్ట్రెంగ్త్ పెద్దగా ఉన్నచోటు వెతక్కుండా, 11090 పెట్టి ఉంచి, డిష్‌ని పడమటి వైపు చాలా కొద్దిగా జరపండి. కొద్దిగా అంటే 65 సెం.మీ. డిష్ అంచు దగ్గర ఒక డిగ్రీ అంటే అర సెంటీమీటరు. జరిపిన ప్రతిసారీ మూడు, నాలుగు సెకన్లు ఆగాలి. పెట్టె సిగ్నల్‌ని పట్టుకోవడానికి అంత టైము తీసుకుంటుంది. గబగబా తిప్పితే ఉపగ్రహం మీంచి దాటిపోయినా మీకు తెలీదు.

ఇంకోటి: ఎల్‌ఎన్‌బిని ఎటు నిలబడి తిప్పారు?

బాహుదా ఒడ్డు:

డిష్ ముందు నిలబడి, 5 వైపు.

పలాస గొడుగు:

అదే తంటా. ముందు నుంచి చూస్తే అద్దంలో చూసినట్టు, అది 7 వైపు వెళ్లాలి. మీరు 24 డిగ్రీలు తిప్పబోయి ఎదురు వైపు 24 తిప్పారు. మొత్తం 48 డిగ్రీల తేడా. దాదాపు వర్టికల్‌కీ హారిజాంటల్‌కీ నడిమధ్యన కూర్చుంది, రెండూ కలిసిపోయి ఏదీ తేలట్లేదు. వెనక్కి తిప్పి మళ్లీ చూడండి. క్వాలిటీ 30 దాటగానే ముందు పక్కలకి, తర్వాత పైకీ కిందకీ, ఆఖర్న ఎల్‌ఎన్‌బి ఒకటి రెండు డిగ్రీలు. ఒక్కో నట్టు కొంచెం కొంచెం బిగించండి. ఒకేసారి ఒక పక్క పానా పెట్టి బిగిస్తే డిష్ మెలి తిరిగి 70 ఉన్నది 50 అవుతుంది.

బాహుదా ఒడ్డు:

వచ్చింది. 11090లో క్వాలిటీ 74. సప్తగిరి, ఒడియా రెండూ ఉన్నాయి. ధ్వని బుస్సుమంది, మాడ్యులేటర్ బి/జికి మార్చగానే సరిపోయింది. బొబ్బిలి బెంచి గారికి దండాలు.

ఇక కేబుల్ ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. ఇంకోటి, 11470లో ఉన్న ఛానళ్లు మాత్రం ఉండుండి గళ్లు పడుతున్నాయి, మిగతావి బాగున్నాయి.

పాత యాంటెన్నా:

కేబుల్ సంగతి. రాష్ట్రం హద్దు బట్టి భాష ఇవ్వకూడదనే రూలు ఏదీ లేదు. పల్లెల్లో అనలాగ్ కేబుల్‌కి ఆఖరి గడువు 2017 మార్చి 31. ఆ తర్వాత అంతా పెట్టెల మీదే నడుస్తోంది. 2019లో వచ్చిన ట్రాయ్ (టెలికాం, ప్రసారాల నియంత్రణ సంస్థ) పద్ధతి ప్రకారం ఛానల్‌ని విడిగా ఎంచుకుని దాని ధర కట్టే హక్కు మీకు ఉంది. చిక్కు ఎక్కడంటే, మీ వీధి ఆపరేటర్ సొంతంగా ఛానళ్లు పెట్టలేడు. పై కంపెనీ కంట్రోల్ రూములోంచి ఏది వస్తే అదే. ఆ కంట్రోల్ రూము ఆంధ్రా వైపుంటే ఒడియా ఛానళ్లు కొన్నే ఉండొచ్చు, బరంపురం వైపుదైతే తెలుగు తగ్గొచ్చు. "రూలు ఒప్పుకోదు" అన్నది "మా కంట్రోల్ రూములో లేదు" అనడానికి బదులు చెప్పే మాట. "స్థలం లేదు" అన్నా నమ్మకండి. అనలాగ్‌లో ఒక ఛానల్ పట్టిన 8 మెగాహెర్ట్జ్‌లో డిజిటల్ 64-క్వామ్ (కేబుల్‌లో డిజిటల్ సిగ్నల్ పంపే పద్ధతి) అయితే సెకనుకి 38 మెగాబిట్లు పడతాయి, ఒక్కోదానికి 3 చొప్పున వేసుకున్నా పన్నెండు ఛానళ్లు. ఛానల్ వాళ్లతో ఒప్పందం కుదుర్చుకోలేదు, అదీ అసలు సంగతి. ఛానల్ పేరు రాసి కాగితం మీద అడగండి, జవాబు కూడా కాగితం మీదే ఇమ్మనండి.

బరంపురంలో చుట్టాల పాత కేబుల్ పెట్టె తెచ్చి మన వైపు తగిలించాలని చూసేవాళ్లున్నారు. దానిలోని కార్డు ఆ కంపెనీ సిగ్నల్‌కే తాళం తీస్తుంది. ఇక్కడ ఉత్త డబ్బా.

బొబ్బిలి బెంచి:

11470కి జవాబు. ఎల్‌ఎన్‌బి వచ్చిన ఫ్రీక్వెన్సీలోంచి 9750 తీసేసి మిగిలింది వైరులోకి దింపుతుంది. 11470 తీసుకుంటే 1720 మెగాహెర్ట్జ్. 11090 అయితే 1340. మొబైల్ 1800 బ్యాండులో ఫోన్లు టవర్‌కి పంపేది 1710 నుంచి 1785 దాకా. అంటే మీ వైరు పక్కన ఎవరైనా ఫోన్ మాట్లాడుతుంటే, వైరు కవచం సరిగా లేనిచోట ఆ సిగ్నల్ లోపలికి దూరుతుంది. టవర్ నుంచి ఫోన్లకి వచ్చేది 1805–1880. టవర్ పక్కిళ్లలో 11555 నుంచి 11630 దాకా ఉన్నవే ఎగిరిపోవడానికి కారణం అదే. అందరూ వర్షం మీదా ఎల్‌ఎన్‌బి మీదా పెడతారు.

ఫోన్‌ని పెట్టె వెనక, గోడ దగ్గర, డాబా మీద కనెక్టర్ పక్కన ఒక్కోచోట పెట్టి కాల్ చేసి చూడండి. ఎక్కడ పెట్టినప్పుడు గళ్లు పడ్డాయో అక్కడే లోపం. సాధారణంగా మధ్యలో మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు, లేదా చేత్తో సగం తిప్పి వదిలేసిన ఎఫ్ కనెక్టర్. అతుకు ఉంటే వైరు మొత్తం మార్చండి, కనెక్టర్ అయితే కోసి కొత్తది వెయ్యండి. ఆర్‌జీ-6లో కూడా అల్లిక నాలుగు పోగులే ఉండే చవకరకం అమ్ముతున్నారు. తోలు కొంచెం ఒలిచి చూసి కొనండి. కింద రేకు, దాని మీద ఒత్తుగా అల్లిక, రెండూ ఉండాలి.

బాహుదా ఒడ్డు:

మెట్ల దగ్గర అతుకు ఉంది, టేపు చుట్టి. అక్కడ ఫోన్ పెడితే వెంటనే గళ్లు. వైరు మారుస్తాం. ఆఖరిగా ఒకటి: పై గదిలో ఇంకో టీవీకి కూడా ఇదే డిష్ నుంచి ఇవ్వాలంటే మధ్యలో స్ప్లిట్టర్ చాలా?

పలాస గొడుగు:

వద్దు. రెండు పెట్టెలూ ఒకే ఎల్‌ఎన్‌బికి వోల్టు పంపుతాయి, ఒకటి వర్టికల్ కోసం 13, ఒకటి హారిజాంటల్ కోసం 18 అడిగితే ఎవరో ఒకరికి ఛానళ్లు పోతాయి. రెండు మూతులున్న ట్విన్ ఎల్‌ఎన్‌బి తెచ్చి రెండు వైర్లు విడిగా దింపండి. డిష్ కదపక్కర్లేదు. ఎల్‌ఎన్‌బి మార్చేటప్పుడు పాతది ఎంత లోతుగా, ఎంత వాలుగా ఉందో పెన్నుతో గీత గీసుకుని అదే గీత మీద కొత్తది కూర్చోబెట్టండి. 6 దగ్గర నుంచి తిప్పే లెక్క కంపెనీని బట్టి మారొచ్చు. మూతి ఒకటే ఉన్నప్పుడు గుర్తు తేలిక. రెండు మూతులున్నవాటికి రెండిటి నడిమధ్యని 6 అనుకోండి.

ఉప్పుగాలి:

గురి సరిగా కుదిరిందో లేదో మీటరు లేకుండా చూసుకునే దారి ఏడాదికి రెండుసార్లు వస్తుంది. మార్చి 12కి అటూ ఇటూ రెండు మూడు రోజులు ఉదయం 11.20 ప్రాంతంలో, అక్టోబర్ 1 దగ్గర 11 గంటల ప్రాంతంలో, సూర్యుడు సరిగ్గా ఆ ఉపగ్రహం వెనక్కి వస్తాడు. అప్పుడు కొన్ని నిమిషాలు బొమ్మ ఆగిపోతుంది. మెకానిక్‌ని పిలవకండి, డాబా ఎక్కండి. డిష్‌లో పడే వెలుతురంతా డిష్ వైపున్న ఎల్‌ఎన్‌బి ముఖం మీద చుక్కలా కుదిరిందంటే గురి సరిగ్గా ఉన్నట్టు. చుక్క పక్కకి పోతే ఎటు పోయిందో, దానికి ఎదురు వైపు జరపాలి. చెయ్యి మాత్రం ఆ చుక్కలో పెట్టకండి, కాలుతుంది.